పూడ్చినవాళ్ళదే ఇల్లు

కావలివాడు గోడవతల నిలబడి "డేగ ఆకాశానికి ఎగిరిపోయింది!" అని అరిచిన పొద్దున హునెరో మగ్గం ముందు కూర్చుని ఉంది. ఫరో పోతే అలాగే అనాలి. ఊరంతా ఒక్కసారి గుండెలు బాదుకుంది, ఆ వెంటనే లోలోపల సంబరపడింది కూడా. పడదా మరి? ఆ ఊరు ఉన్నదే రాజులకు కొండలో సమాధులు తొలచడానికి. పాత రాజు లోపలికి వెళితేగానీ కొత్త రాజుకు గుహ మొదలవదు. పని మొదలైతేనే గోధుమ మూటలతో గాడిదలు వేళకొస్తాయి. సిగ్గుపడాల్సిన సంగతి కాదిది, కడుపు సంగతి.

"ఈసారి ఎవరు కూర్చుంటారే?" అని లోపలి నుంచి తల్లి వియా అడిగింది. ఆవిడ మంచం పట్టి చాలా కాలమైంది.

"ఎవరైతే మనకేంటమ్మా, గోధుమలొస్తే చాలు."

"మీ అన్ననడుగు. వాడికన్నీ తెలుసు."

పెన్‌దువాకు అన్నీ తెలుసని తల్లికే కాదు, పెన్‌దువాకూ గట్టి నమ్మకం. కొండలో రాయి కొట్టే మనిషి. పెళ్ళయ్యాక అదే వీధి చివర వేరు కాపురం పెట్టాడు. హునెరో మొగుడు పోయి, పిల్లలు లేక, పుట్టింటికొచ్చి మగ్గం నేసుకుంటూ తల్లిని చూసుకుంటోంది. ఆ తల్లికి వాళ్ళిద్దరే.

కొత్త రాజెవరో కొన్నాళ్ళకు తేలింది. పెద్ద యువరాజు ఉత్తరాన యుద్ధంలో ఉన్నాడు. అతను పడవెక్కి వచ్చేలోగా రెండోవాడు చిరుతపులి తోలు భుజాన వేసుకుని, నారబట్టలు చుట్టిన తండ్రిని సమాధి గుమ్మంలో నిలబెట్టించి, వడ్రంగులు చెక్క చెక్కే బాడిసతో నోరు తాకాడు. అలా తాకితేనే పోయినవాళ్ళు మళ్ళీ తింటారు, తాగుతారు, మాట్లాడతారు. తాకినవాడే వారసుడు. ఇక పెద్దవాడు వచ్చి చేసేదేముంది, తమ్ముడి కాళ్ళ ముందు నేల ముద్దాడటం తప్ప!

పట్టాభిషేకానికి ఊరికి బీరు కడవలు, ఎద్దు మాంసం వచ్చాయి. పెన్‌దువా పీకల దాకా తాగి, ఊరి నీళ్ళ తొట్టి గట్టెక్కాడు.

"పెద్దోడంట, చిన్నోడంట! ఒట్టి పెద్దరికం ఎవడిక్కావాల్రా? కన్నవాళ్ళని సమాధిలో పెట్టినోడే కొడుకు! పూడ్చినోడే వారసుడు! మన రాజు లక్షల ఏళ్ళు ఏలాలి!"

మేస్త్రి ఖోన్సుతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. హునెరో కూడా కొట్టింది. ఇంటికెళ్ళి తల్లికి చెబితే ఆవిడ దగ్గుతూనే మురిసిపోయింది. "చూశావా, నా కొడుకు ఎంత బాగా మాట్లాడతాడో!" అంది.

పండగ బీరు అయిపోకముందే వియా పోయింది. శవాన్ని ఉప్పులో ఎండబెట్టేవాళ్ళకు అప్పగించి, హునెరో అన్న ఇంటికి వెళ్ళింది.

"అన్నా, అమ్మకి పెట్టె చేయించాలి."

"కొత్త గుహ మొదలైంది, చూస్తున్నావుగా. మేస్త్రి ఊపిరి పీల్చుకోనివ్వట్లా."

"పక్కింటాయన వాళ్ళమ్మ పోతే సెలవిచ్చారు కదా!"

"వాడు రంగులు పూసేవాడు. వాడు లేకపోతే గోడలేం ఏడవ్వు. నేను లేకపోతే కొండ ఆగిపోద్ది. ముందు నువ్వు కానిచ్చెయ్, తర్వాత చూసుకుందాంలే."

ఆ తర్వాతేమిటో ఆమెకు బాగానే అర్థమైంది. తన గాడిదను వడ్రంగి మేరికిచ్చి మేడిచెక్క పెట్టె చేయించింది. తన కోసం దాచుకున్న సన్ననార బట్టంతా తల్లికి చుట్టించింది. అయినా సమాధి దగ్గర అన్న కోసం నీడలు పాదాల కిందికి వచ్చేదాకా చూసింది. ఎంత పిచ్చిదో! పూజారికి విసుగొచ్చింది.

"బాడిస ఎవరు పడతారమ్మా? కొడుకు పట్టాలి."

"కొడుక్కి కొండ ఆగిపోతుందంట. ఇటివ్వండి."

బాడిస అందుకుని తల్లి నోటిని సరిగ్గానే తాకింది.

పెన్‌దువా ఆ మర్నాడే వచ్చాడు. పెళ్ళాన్నీ, చాపల్నీ, కుండల్నీ వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. "ఈ ఇల్లు పెద్దవాణ్ణిగా నాది. నీకో మూల ఇస్తాలే, భయపడకు," అన్నాడు. ఆ ఇల్లు తప్ప హునెరోకు తల దాచుకునే చోటు లేదు. మగ్గం పెట్టుకునే నేల కూడా అదే. ఒళ్ళు మండి తిన్నగా ఊరి గుమ్మం దగ్గరికెళ్ళి పంచాయితీ పెట్టించింది.

మేస్త్రి ఖోన్సు, పెద్దలు కూర్చున్నారు. పెన్‌దువా పెద్దరికం గురించి చాలాసేపు మాట్లాడాడు. తల్లి చెప్పింది నిజమే, బాగానే మాట్లాడతాడు. హునెరో వంతు వచ్చింది.

"నేను చెప్పేదేం లేదు మేస్త్రిగారూ. పండగ రోజు తొట్టి గట్టెక్కి ఏమన్నాడో మళ్ళీ అనమనండి. చాలు."

పెన్‌దువా ఊరివాళ్ళ మొహాలు చూశాడు. అలా అనలేదందామంటే ఊరంతా విన్నది. తప్పుగా అన్నానందామంటే, ఇప్పుడు కూర్చున్న రాజు రాజే కాదన్నట్టవుతుంది. ఆ మాటకు ముక్కూ చెవులూ కోస్తారు. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏమోయ్, అనలేదా?" అన్నాడు ఖోన్సు.

"అన్నాను."

"మరింకేం! పూడ్చింది అది. ఇల్లు దానిది."

పెన్‌దువా చాపలు ఎత్తుకున్నాడు. వెళుతూ వెళుతూ చెల్లెలి ముందు ఆగాడు. "బతికున్నంత కాలం నీతో మాట్లాడితే ఒట్టు," అన్నాడు.

మాటంటే మాటే. వీధిలో ఎదురొస్తే గోడకేసి తిరిగేవాడు. రాజు ముసలివాడయ్యాడు. ఇల్లు నిలబడ్డందుకు మొదట్లో హునెరోకు గర్వంగానే ఉండేది, తర్వాత తర్వాత రొట్టె ముందు కూర్చుంటే అన్న గొంతు చెవుల్లో మోగేది. రాతిపొడి పీల్చి పీల్చి అతని రొమ్ము పాడైంది, కొండ ఏమీ ఆగలేదు. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. హునెరో పక్కింటామె చేత రోజూ రొట్టె, ఉల్లిపాయలు పంపేది. గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది. ఉల్లిపాయలు తక్కువయ్యాయని పక్కింటామెతో గొణిగేవాడట, చెల్లెలికి మాత్రం ఒక్క మాట చెప్పి పంపడు. గడపలోకి ఆమే వెళితే మొహం మీద దుప్పటి లాక్కునేవాడు. అలాగే పోయాడు.

పెట్టె కోసం ఈసారి ఇవ్వడానికి గాడిద లేదు. ఇంటి ముందు గది ఇచ్చేస్తానంటే మేరి నోరెళ్ళబెట్టాడు.

"నీకేమన్నా మతిపోయిందా అక్కా? వాడి కొంప అప్పులకే సరిపోద్ది. వాణ్ణి పూడిస్తే నీకొచ్చేదేంటి? ఓ రాతిపీట, ఓ మొండి ఉలీనా?"

"నీకు గది కావాలా వద్దా? పెట్టె చెయ్యి. పొట్టిగా చెయ్యకు, వాడు పొడుగు."

సమాధి గుమ్మంలో పెన్‌దువాను నిలబెట్టారు. ఈసారి పూజారి ఎవరు పడతారని అడగలేదు, బాడిస తిన్నగా ఆమె చేతికే ఇచ్చాడు. హునెరో బట్టల చుట్ల మీద నోరున్న చోటు వేలితో తడిమి, బాడిస అంచు ఆనించింది. పూజారి మంత్రం ముగించి, ఇక పక్కకు రమ్మన్నాడు. ఆమె కదల్లేదు.

"ఒట్టు బతికున్నంత వరకే అన్నావు," అంది హునెరో. "అయిపోయిందిగా. ఇప్పుడు మాట్లాడన్నా."