ఖాళీగా దొరికిన పోర్టు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు నన్ను మా బ్యాంకు సూరత్ ప్రాంతీయ కంప్యూటర్ కేంద్రానికి, నెట్‌వర్క్ విభాగం సీనియర్ మేనేజర్‌గా బదిలీ చేశారు. కతర్‌గామ్ నుంచి బార్డోలీ దాకా ఉన్న శాఖలన్నీ ఆ కేంద్రంలోని ఒక్క రౌటర్ ద్వారానే ప్రధాన కార్యాలయంతో మాట్లాడేవి. అది ఆగితే కౌంటర్లన్నీ ఆగినట్టే.

నేను చేరిన ఏడాదికి పాత రౌటర్ స్థానంలో కొత్తది పెట్టాం. శాఖలను ఒక ఆదివారం కొత్తదానికి మార్చి, వారం రోజులు గమనించాం. ఇక పాతదాన్ని వెనక్కి పంపాలి. పంపే ముందు అందులోని సెట్టింగులు, పాస్‌వర్డులు తుడిచేయాలని నిబంధన. దాని మీద పనేమీ నడవడం లేదు కనుక పట్టపగలే చేసుకోమని అనుమతి వచ్చింది.

ఇలాంటి పనులకు కన్సోల్ సర్వర్ అనే పెట్టె ఉంటుంది. నెట్‌వర్క్ పడిపోయినా యంత్రాలతో నేరుగా మాట్లాడటానికి అది పెరటి గుమ్మం. దాని ఒక్కో పోర్టు నుంచి ఒక్కో వైరు ఒక్కో యంత్రానికి వెళుతుంది. పోర్టు నంబరుతో కలవవచ్చు. లేదా కొన్ని పోర్టులను గుంపు చేసి ఒకే నంబరు ఇస్తే, వాటిలో మొదట ఖాళీగా ఉన్నదానికి అదే కలుపుతుంది. పాత రౌటర్‌కు నియంత్రణ కార్డులు రెండు కావడంతో రెండు పోర్టులను గుంపు చేశారు. ఏది దొరికినా చేరేది ఆ యంత్రానికే. ఆ నంబరు నాకు నోటికి వచ్చు.

ఆ రోజు నేను పై అంతస్తులో నా బల్ల దగ్గర ఉన్నాను. కింద సర్వర్ గదిలో, ఫోన్లో నర్సయ్య గారు. సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబం, సూరత్ శివారు భేస్తాన్‌లో ఇల్లు. పవర్‌లూమ్ వదిలి చాలా ఏళ్లుగా మా కేంద్రంలో కేబుళ్లు చూస్తున్న కాంట్రాక్టు టెక్నీషియన్. నాకంటే రెండేళ్లు పెద్ద.

గుంపు నంబరుతో కలిశాను. తెర మీద రౌటర్ పేరు సరిగ్గానే కనిపించింది. సెట్టింగులు తుడిచే ఆదేశం ఇచ్చాను. ఖాయమేనా అని అడిగింది, అవునన్నాను. ఇక రీస్టార్ట్ చేస్తున్నానని ఫోన్లో చెప్పాను.

“మేడమ్, జర ఆగుండ్రి. మీరు టైపు చేస్తుంటే ఈడ రెండో పోర్టు లైటు కొట్టుకుంటుంది. దాని వైరు కొత్త రౌటర్ డబ్బలకు పోతుంది.”

“రెండూ పాతదానికే కదండీ?”

“ఏంది మేడమ్, కొత్తది పెట్టిన నాడు నేనే వైరు మార్చిన గదా. ఎంటర్ కొట్టకుండ్రి.”

కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను. కొత్త రౌటర్ వెనుక ఉన్న సీరియల్ నంబరు చదవమన్నాను. ఆయన ఒక్కో అంకె చదువుతుంటే నా తెర మీదకు తెప్పించిన నంబరుతో పోల్చుకున్నాను. చివరి అంకె దాకా అదే. నేను తుడిచింది శాఖలు నడుస్తున్న రౌటర్‌ను.

అయితే రౌటర్‌లో సెట్టింగులు రెండు చోట్ల ఉంటాయి. భద్రపరిచిన నకలు ఒకటి, నడుస్తున్న మెమరీలో ఉండేది ఒకటి. మొదటిది పోయింది. రెండోది యంత్రం ఆగేదాకా ఉంటుంది. దాన్నే తిరిగి భద్రపరచమని ఆదేశం ఇచ్చాను. కొన్ని సెకన్లకు ఓకే అని వచ్చింది. ముందే తీసి పెట్టిన బ్యాకప్ తెరిచి వరుసవరుసగా సరిచూశాను. ఒక్కటీ తగ్గలేదు.

“అయిందా మేడమ్?”

“అయిందండీ. అంతా ఉంది.”

“అయితే నేను గూడ జర కూసుంట,” అన్నారు. కుర్చీ లాగిన చప్పుడు ఫోన్లో వినిపించింది. ఏ శాఖ నుంచీ ఫోను రాలేదు. మధ్యాహ్నం కిందికి వెళ్లి, ఆయన పక్కనే నిలబడి పాతదాన్ని తుడిచాను.

తప్పులు మూడు. వైరు మార్చాక గుంపును సవరించలేదు. పాత సెట్టింగులు నకలు చేసినప్పుడు కొత్త రౌటర్‌కూ పాత పేరే వచ్చింది. మూడోది నాది. పొద్దున మొదటి పోర్టుతో కలిసి పాత రౌటర్‌ను చూసుకుని, లాగౌట్ చేయకుండా తెర మీది విండో మూసేశాను. అది ఖాళీ లేదనుకుని కన్సోల్ సర్వర్ నన్ను రెండోదానికి పంపింది. మూడూ నివేదికలో రాశాను, ఆపిన మనిషి పేరు మొదటి వాక్యంలోనే పెట్టాను. చీఫ్ మేనేజర్ చదివి, ఇకపై యంత్రాల రాక్ దగ్గర నర్సయ్య లేకుండా ఇలాంటి పని పెట్టుకోవద్దని హిందీలో ఒక్క వరుస రాసి సంతకం చేశారు.

ఆ వారమే గుంపు నంబర్లన్నీ తీసేయించాను. తుడిచే పనికీ, ఆపే పనికీ పోర్టు నంబరుతోనే కలవాలని, సీరియల్ నంబరు రెండో మనిషి చదివాకే ఆదేశం ఇవ్వాలని రాసిపెట్టాను. ఖాళీగా దొరికిన పోర్టు లోపలికి దారి ఇస్తుంది, అంతే. ఎవరి ఇంట్లోకి వచ్చామో మనమే అడిగి తెలుసుకోవాలి.