తదేక్ అంకుల్ పత్రికల మొదటి నాలుగేళ్ళు

తదేక్ అంకుల్ ఇక లేరు.

నిన్న ఉదయం ఆఫీసులో ఉండగా హాస్పిటల్ వార్డు నుంచి ఫోన్ వచ్చింది. అడ్మిషన్ ఫారంలో దగ్గరి బంధువు అనే గడిలో ఆయన నా పేరు రాశారట. ఈ నియామకమూ, ఆయన మరణమూ నాకు ఒకే వాక్యంలో తెలిశాయి.

కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత కూడా కాలేదు.

ఆయనను ఎరగనివారి కోసం: అంకుల్ పోలండ్ రచయిత. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ దేశం వచ్చి, లీడ్స్‌లో స్థిరపడి, తన భాషలో రెండు నవలలు రాశారు. "నా పాఠకులందరూ ఒకే శ్మశానంలో ఉన్నారు. కలుసుకోవడం చాలా సులువు," అనేవారు. ఆయన ఇంటి పైభాగంలో నేనూ నా భార్య సుజాతా ఆరేళ్ళుగా అద్దెకుంటున్నాం.

కింది భాగంలో పత్రికలు నివసించేవి. వాటి మధ్య, వాటి అనుమతితో, ఆయన.

అన్నిటిలో ముఖ్యమైనది, లండన్ చేరిన పోలండ్ వాళ్ళు నడిపిన ఒక మాసపత్రిక. మొదటి సంచిక నుంచి మూతపడిన నాటి సంచిక వరకు ఒక్కటీ పోకుండా దాచారు. అది మొత్తంగా ఒక లైబ్రరీకి చేరాలి. ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

కిందటి శీతాకాలం ఒక లైబ్రరీ ఒప్పుకుంది. షరతు ఒకటే: సెట్ పూర్తిగా ఉండాలి. మంగళవారం మధ్యాహ్నం తమ మనిషి వస్తారని ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం చదివి అంకుల్ ఇంట్లోనే టై కట్టుకున్నారు.

సంవత్సరాల వారీగా సర్దే బాధ్యత మాకు అప్పగించారు. మేము గుంటూరు పద్ధతిలో సర్దాం. అనగా, పాత పత్రికలను ఇంట్లోంచి పంపేటప్పుడు చేసే విధంగా, పురికొసతో కట్టాం. హాల్లో చోటు చాలక మొదటి నాలుగేళ్ళ కట్టలను గుమ్మం బయట పెట్టాం. లైబ్రరీ మనిషి కారులో ఎక్కించుకోవడానికి కూడా వీలుగా ఉంటుందనుకున్నాం.

ప్రతి మంగళవారం ఉదయం మా వీధికి పాత కాగితాల లారీ వస్తుంది. ఈ సంగతి మాకు తెలుసు. ఆరేళ్ళుగా మా పేపర్లు కట్టి అక్కడే పెడుతున్నాం.

ఆ మంగళవారం అంకుల్ డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి గుమ్మం శుభ్రంగా ఉంది.

"అయ్యో, ఎంత పని చేశామండీ!" అంది సుజాత. నేను ఆ లారీల డిపోకి ఫోన్ చేశాను. అప్పటికే ఊరి పాత కాగితాలన్నిటితో కలిసిపోయాయన్నారు.

అంకుల్ గుమ్మం వంక చూశారు.

"గట్టిగా కట్టారా?"

"గట్టిగానే కట్టాం అంకుల్."

"మంచిది. వాళ్ళకు మోయడం తేలికై ఉంటుంది."

తర్వాత మాకు టీ పెట్టారు. లైబ్రరీ మనిషికీ పెట్టారు. ఆయన టీ తాగి, విచారం వ్యక్తం చేసి, ఖాళీ కారుతో వెళ్ళిపోయారు.

అంకుల్ ఒక్కసారి కూడా మమ్మల్ని నిందించలేదు. నిందించి ఉంటే మాకు కొంత సాయంగా ఉండేది. ఆ నాలుగేళ్ళ సంచికలు ఉండిన పై అరను ఖాళీగానే ఉంచారు. దుమ్ము మాత్రం రోజూ తుడిచేవారు.

దగ్గరి బంధువు హోదాలో, మిగిలిన పత్రికల బాధ్యత ఇప్పుడు నాది. నిన్నటి నుంచి మూడు లైబ్రరీలకు ఫోన్ చేశాను. అసంపూర్ణమైన సెట్లు తీసుకోరట. ఇల్లు నెలాఖరులోగా ఖాళీ కావాలని అంకుల్ లాయరు చెప్పారు. మా ఇద్దరికీ ఆ భాషలో ఒక్క ముక్క చదవడం రాదు.

నిన్న సాయంత్రం సుజాత అలవాటుగా పురికొస ఉండ తీసింది. నా ముఖం చూసి, మళ్ళీ లోపల పెట్టేసింది.

సెలవు అంకుల్. మీరు చేరిన చోటికి మంగళవారం లారీ రాకుండుగాక. అక్కడైనా మీకు శాంతి దొరుకుగాక.