గడప దాటని ప్రశ్న

ఆ పేటలో ఇంటర్నెట్ తీగలు లాగే మనిషిని అందరూ నిచ్చెనాయన అనేవారు. ఎవరింట్లో నెట్టు ఆగినా, వాళ్ళు చెప్పేది పూర్తిగా వినకముందే ఆయన చూపు నిచ్చెన ఆన్చడానికి అనువైన గోడ కోసం వెతికేది. లోపమన్నది ఎప్పుడూ ఎత్తులోనే ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. కాకులూ, గాలీ, పక్కింటివారు బట్టలారేసే తాడూ ఆయనకు నిత్యముద్దాయిలు.

ఆనాడు ఆయన నిచ్చెన వేసింది సాక్షాత్తూ అత్తగారి మేడకు. ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని, దూరాన ఉన్న ఆడపిల్లలకు ఎంబ్రాయిడరీ నేర్పుతుంది. కొత్త తెల్ల రౌటర్ పెట్టించుకున్నది మొదలు ఒక్క పేజీ తెరుచుకోలేదు. నిన్నటి పాఠం నీటిపాలైంది. ఇవాళ్టి పాఠం సాయంత్రం ఐదింటికి.

"పెద్దల్లుడుగారూ," అంది ఆవిడ కిందినుంచి. ప్రసన్నంగా ఉన్నప్పుడు ఆవిడ నోట "బాబూ" అనే మాటే వచ్చేది. "గారు" అనే గౌరవవాచకం మర్యాదకు ఎంత పనికొస్తుందో మందలింపుకూ అంతే పనికొస్తుందన్న సంగతిని వ్యాకరణకర్తలు ఎందుకు వదిలేశారో తెలియదు. "పాఠం వేళకి నెట్టు రాకపోతే చిన్నల్లుణ్ణి పిలుస్తాను. ఏమీ అనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటాడు? చిన్నల్లుడిదీ అదే వృత్తి, అవతలి పేటలో. తాను చేతులెత్తేసిన పనిని తోడల్లుడు వచ్చి చక్కబెట్టి, అత్తగారిచ్చిన కాఫీ తాగుతూ కాలుమీద కాలు వేసుకుంటే, ఇక చుట్టాల్లో తలెత్తుకు తిరగడమెలా? నిచ్చెనాయన పళ్ళ బిగువున స్తంభం నుంచి మేడ దాకా తీగంతా కొత్తది లాగాడు. పేజీ మాత్రం తెరుచుకోలేదు.

కిందికి దిగి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు సాగాలి. మనం కంప్యూటర్‌కు తెరవాల్సిన పేజీ పేరు చెబుతాం. దానికి కావలసినవి అంకెలు. ఏ పేరుకు ఏ అంకెలో అడిగినవారికల్లా ఊరకే చెప్పిపెట్టే గుమాస్తాల వంటి సేవలు లోకంలో కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని చిరునామా వరసగా నాలుగు ఒకట్లు. ఫోనులో చెప్పడానికి సులువని, తాను తీగ లాగిన ప్రతి ఇంట్లోనూ నిచ్చెనాయన ఆ గుమాస్తానే కుదిర్చేవాడు. చిన్నల్లుడిదీ అదే అలవాటు.

"చూడండత్తయ్యా, నాలుగు ఒకట్లని పిలుస్తున్నాను. రెప్ప వేసేలోగా పలుకుతోంది. నేను లాగిన లైను బంగారం. తేడా అంతా మీ కంప్యూటర్‌లోనే."

"ఏ లైను? ఇదేనా?"

ఆయన తల తిప్పి చూశాడు. ఆవిడ ఒక చేత్తో చీపురూ, మరో చేత్తో బయటినుంచి రౌటర్‌లోకి వచ్చే తీగ కొసా పట్టుకుని నిలబడి ఉంది.

"బల్ల కింద దుమ్ము పేరుకుపోయిందని ఇందాకే ఊడబీకాను."

తీగ ఆవిడ చేతిలో ఉంది. తెరమీద జవాబులు మాత్రం పొల్లుపోకుండా వచ్చిపడుతూనే ఉన్నాయి. ఆవిడ గొంతు తగ్గించింది.

"మరి పలుకుతున్నదెవరు బాబూ? ఇంట్లో మనిద్దరమేగా ఉంది."

నిచ్చెనాయన రౌటర్ మీట నొక్కాడు. జవాబులు ఆగాయి. మళ్ళీ నొక్కాడు. కాసేపటికి అది తేరుకుంది, జవాబులూ మొదలయ్యాయి. అప్పుడు బోధపడింది. ఆ డబ్బా తయారుచేసినవాళ్ళు తమ లోపలి అవసరమేదో తీర్చుకోవడానికి అవే నాలుగు ఒకట్లను దానికి తగిలించారు. ఎక్కడో ఉన్న గుమాస్తాను పిలిస్తే, వాకిట్లో కూర్చున్న ఈ డబ్బా "ఆఁ, ఇక్కడే ఉన్నా" అంటోంది. తీరా పేరు చెప్పి అంకె అడిగితే నోరు విప్పదు. ప్రశ్న గడప దాటితే గదా!

ఆయన మరో గుమాస్తా చిరునామా ఎక్కించి, తీగ పెట్టాడు. పేజీ తెరుచుకుంది. అదే క్షణంలో గుమ్మంలో చిన్నల్లుడు ప్రత్యక్షమయ్యాడు.

"మధ్యాహ్నమే ఫోను చేసి రమ్మన్నారన్నయ్యా, అత్తయ్య."

"ముందుజాగ్రత్త," అంది ఆవిడ సూదిలో దారమెక్కిస్తూ.

నిచ్చెనాయన ఛాతీ ఉప్పొంగింది. "అయిపోయింది తమ్ముడూ, బాగుచేశాను" అనబోయాడు. ఇంతలో చిన్నల్లుడు తెల్ల డబ్బాను చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇక్కడా ఇదేనా? పొద్దుట్నుంచి ఈ డబ్బాలున్న ఇళ్ళ చుట్టూనే తిరుగుతున్నాను. ఓ ఇంట్లో లైనంతా మార్చేశాను. ఇంకో ఇంట్లో కాకుల్ని తోలడానికి మేడమీద నా చొక్కా కట్టొచ్చాను. ఇక్కడ పేజీ తెరుచుకుందే! మీకెలా తెలిసిందన్నయ్యా?"

అప్పుడే గమనించాడు నిచ్చెనాయన. తోడల్లుడు బనీనుమీదే ఉన్నాడు. తన గొప్ప చెప్పుకోవడానికి అంతకు మించిన సమయం మళ్ళీ రాదు. ఆయన మాత్రం కుర్చీ తోడల్లుడి వైపు జరుపుకున్నాడు.

"నేను కనిపెట్టలేదోయ్," అన్నాడు. "అత్తయ్య ఊడుస్తూ తీగ పీకేశారు. అప్పటిదాకా నేనూ కొత్త లైను లాగుతూనే ఉన్నాను."

"ఎంత పొడుగు?"

"స్తంభం దగ్గర్నుంచి."

చిన్నల్లుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. నిచ్చెనాయనకూ ఆగలేదు. కంప్యూటర్‌లో ఆడపిల్లలు ఒక్కొక్కరే ప్రత్యక్షమవుతున్నారు.

"మీ ముచ్చట్లు వంటింట్లో పెట్టుకోండి," అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే. "కాఫీ మీరే కలుపుకోండి. నాకు పాఠముంది."