లేవకుండా కుట్టిన రవికలు

కర్పూరం కలిపిన నొప్పి తైలం వాసన ముక్కుకు తగిలితే చాలు, పుంగనూరులోని ఆ ఇరుకు కుట్టుగది కళ్ళ ముందుకొస్తుంది. ఈ పొద్దు కుప్పంలో నా అంగడి నిండా అదే వాసన. రాసుకున్నది నేనే. మెడ ఎడమవైపు తిరగడం లేదు. భుజం నుంచి వేళ్ళదాకా తిమ్మిరి. దేవుడా, ఇది ఇక పోయే నొప్పి కాదని నాకు తెలుసు. ఆమె దగ్గర చూశాను కదా.

ఆమె పేరు ఖైరున్‌బీ. మేమంతా బీబమ్మ అనేవాళ్ళం. పద్దెనిమిదేళ్ళప్పుడు రోజూ సోమల నుంచి బస్సెక్కి వచ్చి ఆమె దగ్గర కుట్టు నేర్చుకున్నాను. నేనివాళ తింటున్న అన్నం ఆమె పెట్టిందే. ఆమెకొక పట్టింపు ఉండేది. పెళ్ళికూతురి రవిక మిషనెక్కితే, ఆఖరి హుక్కు పడేదాకా కుట్టే మనిషి లేవకూడదు. మధ్యలో లేస్తే ఆ పిల్ల కాపురం మధ్యలో తెగిపోతుందట. మొదటిసారి అలాంటి రవిక నా చేతికిచ్చిన రోజు, భుజాలు పట్టేసి లేవబోయాను.

"యాడికి లేస్తాండావు? కూసో! నీ నొప్పి పెద్దదా, ఆ బిడ్డ కాపురం పెద్దదా?" అని గదిమింది.

కూర్చున్నాను. పూర్తయ్యాక రవికను వెలుతురుకు ఎత్తి చూసి, "శభాష్ బేటీ, నాకంటే మొండిదానివి" అంది. ఆ ఒక్క మాటకు పొంగిపోయాను, పిచ్చిదాన్ని. ఆ తర్వాత మామూలు రవికలకు కూడా లేవడం మానేశాను.

పెళ్ళిళ్ళ కాలంలో ఒక మధ్యాహ్నం ఆమె దారం ఎక్కించబోతే సూది వేళ్ళలోంచి జారిపోయింది. రెండోసారీ అంతే. "సూదికి నూనె అంటినట్టుండాది" అని నవ్వింది. నేనూ నమ్మినట్టే ఊరుకున్నాను. తైలం రాసి ఆమె మెడ పిసికితే లోపల కండ ఎండు కట్టెలా తగిలింది. మదనపల్లె ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి చాలా ఆలస్యమైంది. "ఇన్నేళ్ళూ గంటకోసారైనా లేవలేదా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. బీబమ్మ తల దించుకునే జవాబు చెప్పింది. తల ఎత్తడం అప్పటికే ఆమె వల్ల కావడం లేదు.

ఆఖరిసారి చూసినప్పుడు ఆమె కుడిచేయి ఒళ్ళో ఊరికే పడి ఉంది. కోడలు అన్నం తినిపిస్తోంది. బీబమ్మ నన్ను దగ్గరకు పిలిచింది.

"తప్పు చెప్పినానమ్మా నీకు. నా కూతురి పెళ్ళి రవిక కూడా లేవకుండానే కుట్టినా కదా? ఏమాయ? మూన్నెల్లకే ఇంటికొచ్చేసింది. నువ్వు మధ్యమధ్యలో లేస్తా ఉండమ్మా."

సరేనన్నాను. ఆమె పోయింది. మాట నిలబెట్టుకుందామని ఫోనులో గంటగంటకూ అలారం పెట్టుకున్నాను. అది మోగుతుంది, నేను దాని నోరు నొక్కి కుట్టుకుంటూ పోతాను. లేవడమెలాగో ఈ ఒంటికి నేర్పినవాళ్ళెవరూ లేరు.

ఇందాక నా దగ్గర పని నేర్చుకుంటున్న మంజుల, ఇద్దరు బిడ్డల తల్లి, పెళ్ళి రవిక కుడుతూ భుజం పట్టుకుని పైకి లేచింది. నేను మెడకు తైలం రాసుకుంటూనే, తల తిప్పకుండా, "యాడికి లేస్తాండావు? కూసో!" అన్నాను.

మంజుల కూర్చుంది.