అద్దంలో మాట్లాడే చిలకక్క

మా పెద్దమ్మ కూతుర్ని ఇంట్లో అందరం చిలకక్క అంటాం. ఆడవాళ్ల సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తుంది. కత్తెర ఎంత ఆడుతుందో నోరూ అంతే. పోయినేడు డాక్టరమ్మ చూసి, అక్కకి ఆటిజం ఉందని చెబితే పెద్దమ్మ ఒప్పుకుంటేగా! "దీనికా? ఇది గోడతో కూడా కబుర్లు పెట్టుకుంటుంది!" అంది. అక్క నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు కూడా బట్టీ పట్టిందేనని నాకు మొన్నే తెలిసింది.

సంగతేంటంటే, సెలూన్ మేడం అక్కని కత్తెర వదిలేసి సోమవారం నుంచి ముందు కౌంటర్‌లో కూర్చోమంది. వచ్చినవాళ్లని పలకరించాలి, ఫోన్లెత్తాలి, గొడవొస్తే సర్దాలి. "నీలాంటి కలుపుగోలు పిల్ల నాకెక్కడ దొరుకుతుందమ్మా?" అందట. అక్కకేమో ప్రాణమంతా కత్తెర మీదే. ఇప్పటికే సాయంత్రం ఇంటికి రాగానే లైటార్పేసి, మంచానికీ గోడకీ మధ్య సందులో దూరి పడుకుంటుంది. పిలిచినా పలకదు. ఇక కౌంటరంటే మనిషి మిగలదు. కానీ మేడంకి కుదరదని చెప్పడం అక్క వల్ల కాదు. ఎదురుగా నిలబడితే నోట్లోంచి "తప్పకుండా మేడం" తప్ప ఇంకో ముక్క రాదు.

నేను చదివేది సైకాలజీ. అడక్కపోయినా సలహాలిస్తా. నలుగురిలో ఉన్నప్పుడు మన ఆటిజం లక్షణాల్ని ఎంత దాచేస్తున్నామో, అంటే ఎంత మాస్కింగ్ చేస్తున్నామో, మనంతట మనమే చూసుకునే ప్రశ్నలుంటాయి. అవి ఫోన్‌లో తీసి అక్కకిచ్చా. "చెయ్యి. మేడంకి ఏం చెప్పాలో నీకే తెలుస్తుంది."

టకటకా కొట్టేసింది. చూద్దును కదా, అస్సలు మాస్కింగే లేదని వచ్చింది!

"అక్కా, 'మాట్లాడబోయేది ముందే మనసులో అనుకుంటారా' అంటే 'ఎప్పుడూ లేదు' అని పెట్టావేంటి?"

"మంచి జవాబు అదే కదే?"

"మంచి జవాబు ఎవరడిగారు? నీ జవాబు పెట్టమంది!"

అక్క ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మామూలుగా అందరూ ఏం పెడతారు?"

పొట్ట పట్టుకుని నేల మీద దొర్లా. ఎంత మాస్క్ వేస్తున్నావని అడిగితే, జవాబుకీ మాస్క్ వేసి పంపింది మహాతల్లి!

"నేను కూడా ఇప్పుడు నవ్వాలా?" అంది.

"వద్దులే."

"హమ్మయ్య."

ఇలా కాదని ఫోన్ లాక్కుని ఒక్కోటీ నేనే అడిగా. అప్పుడు బయటపడ్డాయి బండారాలన్నీ. దువ్వేటప్పుడు పిల్లల చదువులు అడగాలట. కత్తిరించేటప్పుడు ఎండా వానా. కడిగేటప్పుడు ఏమీ అక్కర్లేదట, నీళ్ల చప్పుడే సరిపోతుందట. నవ్వేమో పక్కింటి టీచరమ్మ దగ్గర కొట్టేసింది. "అయ్యో, అవునా!" మా అమ్మది.

"మరి నా దగ్గర ఏం తీసుకున్నావే?"

"నీది పనికిరాదు. ఎదుటివాళ్ల మాట అవ్వకుండానే దూరిపోతావ్."

నోరు మూసుకుని తర్వాతి ప్రశ్నకెళ్లా. "ఎదుటివాళ్ల కళ్లలోకి బలవంతంగా చూస్తారా?"

"లేదు."

"మళ్లీ మొదలెట్టావా!"

"నిజమేనే. నేను చూసేది అద్దంలోకి. ఆవిడ ముందు కూర్చుంటుంది, నేను వెనక నిలబడతా. ఇద్దరం అద్దంలోనే మాట్లాడుకుంటాం. అద్దంలో కళ్లు గుచ్చుకోవు. చూపు తిప్పేసుకున్నా, జుట్టు చూస్తోందిలే అనుకుంటారు." టక్కున ఆగింది. "కౌంటర్ దగ్గర అద్దం లేదే."

ఈసారి నాకు నవ్వు రాలేదు.

శనివారం నేనూ సెలూన్‌కి వెళ్లా, జుట్టు చివర్లు కత్తిరించుకునే వంకతో. నా వంతు రానేలేదు. అక్క సరాసరి మేడం దగ్గరికెళ్లి, "మీ జుట్టు చిట్లిపోయింది మేడం, కూర్చోండి" అంది. మెడకి గుడ్డ కట్టింది. తడిపింది. కుడివైపు చెవి దాకా కత్తిరించింది. ఎడమవైపు జుట్టు ఇంకా భుజం మీదే ఉంది. అక్కడ కత్తెర ఆపి, అద్దంలోకి చూసింది.

"మేడం, నేను కౌంటర్‌లో కూర్చోను."

"అదేంటమ్మా? నువ్వు రోజూ చేసేదేగా, నవ్వుతూ పలకరించడం!"

"అదంతా బట్టీ మేడం. సాయంత్రానికి నా ఓపికంతా అయిపోతుంది. నాకు ఆటిజం ఉంది. ఇలా వెనక నిలబడితేనే నాకు కుదురుతుంది."

అక్క మొహంలో నవ్వు లేదు. మేడం అలాంటి మొహం ఎప్పుడూ చూళ్లేదు పాపం. "కోపమొచ్చిందా నా మీద?"

"లేదు. నా మామూలు మొహం ఇదే."

మేడం అద్దంలో అక్కని చూసింది. తర్వాత తన జుట్టు చూసుకుంది. ఈలోపు వాకిట్లో ఎవరో కస్టమరు చెప్పులు విప్పుతోంది.

"ముందు ఆ రెండో వైపు కానివ్వవే తల్లీ!"

"కౌంటర్?"

"ఇంకెవరినైనా చూసుకుంటాలే! కానీ, కానీ!"

రెండో వైపు కత్తిరించినంతసేపూ అక్క పిల్లల చదువులూ అడగలేదు, ఎండల మాటా ఎత్తలేదు. మేడం హాయిగా ఒక కునుకు తీసింది.

బయటికొచ్చాక అడిగా. "కావాలనే సగంలో ఆపావు కదూ?"

"ఛ! బట్టీ మాటలైతే కత్తెర ఆడుతూనే ఉంటుంది. నిజం చెబుతుంటే చెయ్యి ఆడదు, అంతే."

నమ్మాలా వద్దా అని మొహంలోకి చూశా. ఏం తెలిస్తేగా! మామూలు మొహమే.