రైలు కూత వినపడని దీవిలో దేవుడిచ్చిన నెమ్మది

సహోదరులారా, సహోదరీలారా, ఒకప్పుడు మా ఇంట్లో రైలు కూత వినపడిందంటే, మా ఇంటాయన తింటాన్న కంచాన్ని పక్కకు నెట్టి, చెయ్యి ముందుకు చాచి, ఆడ లేని బ్రేకును పట్టుకొని బిగించేవాడు! కండ్లు తెరుచుకొనే ఉండేవి, కానీ ఆయన మా మధ్యన ఉండేవాడు కాదు. మా ఇల్లేమో గుత్తి జంక్షనుకు దగ్గర, పగలూ రాత్రీ బండ్లు పోతానే ఉంటాయి, ఒక కూతకూ ఇంకో కూతకూ మధ్యన ఆయనకు నిమ్మళంగా ఊపిరి తీసుకునే సందు కూడా దొరికేది కాదు. ఆ కాలంలో నుంచి ప్రభువు మమ్మల్ని ఎట్లా బయటికి తెచ్చినాడో చెప్పడానికే ఈ పొద్దు మీ ముందర నిలబడినాను.

నా పేరు సుగుణమ్మ, ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయినాను. ఆయన పేరు దానియేలు, రైల్వేలో డ్రైవరు. అదో, ఆ కిటికీ పక్కన కూర్చోని నవ్వుతాండాడు చూడండి, ఆయనే! నేను చెప్పేదంతా ఆయన చెప్పమంటేనే చెప్తాండాను.

తొంభైల చివర్లో, ఆయన రిటైరు కావడానికి కొన్ని నెలలుందనంగా, గుంతకల్లు వైపు నుంచి గూడ్సు బండి తోలుకొని వస్తాంటే, ముందర ఒక గొర్రెల మంద పట్టాలు దాటుతాండాది. మందంతా దాటేసింది, ఒక పిల్ల మాత్రం పట్టాల నడుమ నిలబడిపోయింది, దానికోసం కాపరి వెనక్కి వచ్చినాడు. ఈయన కూత వేసినాడు, బ్రేకు వేసినాడు, అరిచినాడు, కానీ అంత బరువు బండి ఉన్నపళాన నిలుస్తాదా! ఆ మనిషి దక్కలేదు. పెద్ద ఆఫీసర్లు విచారించి, డ్రైవరు చేయాల్సిందంతా చేసినాడు, ఇందులో ఆయన తప్పేమీ లేదు అని తేల్చినారు. ఊర్లో కూడా ఎవరూ ఒక మాట అనలేదు. ఆయన మాత్రం తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంటా, "సుగుణా, ఈ చెయ్యి రవ్వంత ఆలస్యమయిందేమో" అనేవాడు. అదే మాట. పొద్దున అదే, మాపటికి అదే.

రిటైరయినాక ఇంకా ముదిరింది. స్కూటరు ముట్టడం మానేసినాడు, బజారుకు పోవడం మానేసినాడు, గుడిలో ఆయన కంజర వాయిస్తే పిల్లలు కూడా ఎగిరేవాళ్ళు, ఆ కంజర బీరువా మీద పడిపోయి దుమ్ము పట్టింది. పాస్టరుగారు కాపరిని గురించిన వాక్యం చదివితే లేచి బయటికి పోయి ఎండలో నిలబడేవాడు, ఆ ఎండ మీకు తెలియంది కాదు. అనంతపురం తీసుకొనిపోయి డాక్టర్లకు చూపించినాను, మాత్రలిచ్చినారు, మాత్రలకు నిద్ర వచ్చింది గానీ నెమ్మది రాలేదు. ఎంతమందికో నా చేతులతో మందు తాగించిన దాన్ని, నా ఇంట్లో మనిషికి ఏమి చేయాలో నాకు తెలియలేదు! వంటింట్లో మోకాళ్ళ మీద పడి, "తండ్రీ, ఈ మనిషిని నువ్వే నాకిచ్చినావు, ఇప్పుడు ఈయన యాడున్నాడో నాకు కనపడటంలేదు, నువ్వే వెతికి తీసుకొనిరా" అని ఏడ్చినాను.

దేవుడు జవాబిచ్చినాడు, కానీ నేను అనుకున్న దారిన కాదు! మన పాస్టరుగారికి తెలిసిన ఒక సేవకుడు మారిషస్ దీవి నుంచి సువార్త కూటాలకు వచ్చినాడు. ఆయన పేరు జోసఫ్, తెలుగు మనిషే, ఆడ సముద్రం ఒడ్డున వాళ్ళ సంఘం ముసలివాళ్ళకు ఒక ఇల్లు నడుపుతాండాది. మా ఇంట్లో భోంచేస్తా, "అమ్మా, మాకు ఒక నర్సు కావాల, తోట చూసుకునే మనిషి ఒకరు కావాల, మీరిద్దరూ వస్తారా?" అని అడిగినాడు. నేను నవ్వినాను. ఎన్నో నెలలుగా కొత్తవాళ్ళతో నోరు విప్పని మా ఆయన తలెత్తి, "ఆడ రైళ్ళు ఉండాయా?" అన్నాడు. "లేవన్నా, ఎప్పుడో తీసేసినారు" అన్నాడు జోసఫ్ బ్రదర్. "అయితే పోదాం సుగుణా" అన్నాడు ఈయన! చిలమత్తూరులో టీచరుగా ఉండే మా కూతురికి చెప్తే, "పిల్చుకొని పోమ్మా, నాయన నోటితో 'పోదాం' అనే మాట విని ఎన్నాళ్ళయింది" అని ఏడ్చింది.

అట్లా మేము ఆ దీవికి పోయినాము. సహోదరులారా, అది ఎట్లాంటి చోటని చెప్పేది! మన మాదిరి వేరుశనగ చేను పక్కన నిలబడి మబ్బు కోసం చూసేవాళ్ళకు, తెల్లారితే వాన, మధ్యాహ్నం ఎండ, మళ్ళీ వాన! మొదట్లో చినుకు పడిందంటే చాలు ఈయన పరుగెత్తి చూరు కింద బకెట్లు పెట్టేవాడు, ఆడుండే ముసలివాళ్ళు చూసి కడుపు పట్టుకొని నవ్వేవాళ్ళు. ఇంటి వెనకాల రెండు గదులు మాకిచ్చినారు. పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకొని నేను వార్డులోకి, ఆయన తోటలోకి. టమోటా, వంకాయ, గోంగూర కూడా పండించినాడు. ఆ ఊరి పనస మాదిరి కాయ ఒకటుండాది, ఉడకబెడితే ఆలుగడ్డ మాదిరి ఉంటాది, దాన్ని ఉప్పుకారం వేసి వేపితే నాకు ఉర్లగడ్డ గుర్తుకే రాలేదు. మనూరి నుంచి తీసుకొనిపోయిన రాగిపిండితో సంగటి కెలికి, వేరుశనగ విత్తనాలతో ఊరిబిండి నూరితే ముసలివాళ్ళు ముద్దలు చేయడం నేర్చుకొని అడిగి అడిగి తిన్నారు! వాళ్ళ క్రియోల్ భాషలో నాకు నాలుగు ముక్కలు వచ్చినాయి, మిగతాదంతా చేతులతో, నవ్వుతో గడిచిపోయింది.

ఆ ఇంట్లో అప్పమ్మ అని ఒక పెద్దామె ఉండేది. వాళ్ళ అవ్వ ఎప్పుడో చెరుకు తోటల పనికి మన దిక్కు నుంచి ఓడెక్కి పోయిందంట. అప్పమ్మకు వచ్చే తెలుగంతా ఒక గుప్పెడు మాటలు, అన్నం, నీళ్ళు, రా నాయనా, పో నాయనా, అంతే. మా ఆయన తోటలో పని చేస్తాంటే కుర్చీ వేయించుకొని కూర్చోని ఆ గుప్పెడు మాటలనే మళ్ళీ మళ్ళీ చెప్పేది. ఈయన కూడా ఆమెకు జవాబు చెప్పేవాడు. అది చూసి నేను లోలోపల స్తోత్రం చెప్పుకునేదాన్ని. కానీ నిజం చెప్పాల కదా! రైళ్ళు లేని ఊర్లో కూడా ఆయన చెయ్యి నిద్రలో బ్రేకు పట్టుకునేది. జోసఫ్ బ్రదర్ ఆయన పాత కారు లైసెన్సు చూపించి ఆడి లైసెన్సు ఇప్పించినా, ఆ ఇంటి వ్యాను తాళాలు ఆయన ముట్టలేదు.

ఒక పొద్దు తుఫాను వస్తాదని రేడియోలో చెప్పినారు. బస్సులు ఆపేసినారు. వ్యాను డ్రైవరు తన ఇంటి కప్పు కట్టుకోవడానికి పోయినాడు, జోసఫ్ బ్రదర్ పట్నంలో చిక్కుకున్నాడు. మధ్యాహ్నం అప్పమ్మకు ఊపిరాడక పెదాలు నీలమయినాయి. ఆస్పత్రికి ఫోను చేస్తే చెట్లు పడినాయి, అంబులెన్సు ఆలస్యమవుతాది అన్నారు. నేను తాళాలు తీసుకొని తోటలోకి ఉరికినాను. "ఏమయ్యా, నువ్వు తోలకపోతే ఈమె మనకు దక్కదు" అన్నాను. "నా చేత కాదు సుగుణా" అన్నాడు. నేను ఆ వానలోనే ఆయన చెయ్యి పట్టుకొని, "ప్రభువా, ఈ చెయ్యి నీది, దీన్ని నువ్వే నడిపించు!" అని గట్టిగా ప్రార్థించినాను. ఆయన తాళాలు తీసుకున్నాడు.

రెండు పక్కలా చెరుకు తోటలు, గాలికి వంగి రోడ్డు మీద పడుతాండాయి. వెనక సీట్లో అప్పమ్మను నా ఒడిలో పెట్టుకొని ఉండాను. ఉన్నట్టుండి తోట సందులో నుంచి సైకిలు మీద ఒక మనిషి వచ్చినాడు, గాలి తోసేసరికి సైకిలుతో సహా మా ముందర పడినాడు! నేను కండ్లు మూసుకున్నాను. బండి గట్టిగా ఊగి ఆగింది. కండ్లు తెరిచి చూస్తే ఆ మనిషి చెయ్యి చాస్తే అందేంత దూరంలో లేచి నిలబడి, చెయ్యెత్తి మాకు దండం పెట్టి, సైకిలు ఎత్తుకొని పోతాండాడు!

మా ఆయన స్టీరింగు మీద తల పెట్టి, "నిలిచింది సుగుణా! బండి నిలిచింది!" అని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. ఊపిరాడని అప్పమ్మ, తన చెయ్యి చాచి ఆయన వీపు మీద పెట్టి, "ఏడవద్దు నాయనా, ఏడవద్దు" అనింది. సహోదరులారా, ఆమెకు ఆ మాట వస్తాదని మాకెవరికీ తెలియదు! ఆయన కండ్లు తుడుచుకొని ఆస్పత్రి దాకా తోలినాడు. అప్పమ్మ బతికింది, ఆ తర్వాత ఇంకా కొన్నేండ్లు మాతో కూర్చోని సంగటి తినింది!

తుఫాను పోయినాక, విరిగిన అరటిచెట్లు ఎత్తిపోస్తా ఆయన నాతో చెప్పినాడు: "సుగుణా, ఆ గూడ్సు బండిలో కూడా నా చెయ్యి ఆలస్యం కాలేదు. నిలవగలిగిన బండి నిలిచింది, నిలవలేనిది నిలవలేదు. దేవుడు నాకు ఆ సంగతి రోడ్డు మీద చూపించినాడు. ఆ కాపరి కోసం ఇంకా ఏడుస్తాను, కానీ నన్ను నేను కొట్టుకోను." దేవునికే మహిమ! ఆ దినం మొదలుకొని నిద్రలో ఆయన చెయ్యి కదల్లేదు. ఇప్పుడు ఆ వ్యాను ఆయనదే! ఆదివారం ముసలివాళ్ళను గుడికి తోలుకొని పోతాడు, బుధవారం నన్ను సంతకు, సాయంత్రం పూట అందరినీ సముద్రం ఒడ్డుకు. కాళ్ళు నీళ్ళలో పెట్టుకొని పాటలు పాడుకుంటాము, నేను తప్పు పాడితే దిద్దుతాడు, నాకు కోపం కూడా వస్తాది. రిటైరయిన ముసలోళ్ళకు ఇంతకంటే ఏమి కావాల!

ఈ సెలవుకు గుత్తికి పోదామని అడిగింది ఆయనే. అన్నలారా, అక్కలారా, మీ ఇంట్లో కూడా ఎవరైనా మనిషి ఉండీ లేనట్టు ఉంటే, మందులు మానొద్దండి, ప్రార్థన కూడా మానొద్దండి. మమ్మల్ని దేవుడు సముద్రం దాటించి బాగు చేసినాడు, మిమ్మల్ని మీ వాకిట్లోనే బాగు చేయగలడు, ఆయనకు దూరం లేదు, దగ్గర లేదు! మా కోసం ఇన్నేండ్లు ప్రార్థన చేసిన ఈ సంఘానికి మా ఇద్దరి వందనాలు. కూడిక అయినాక మేము తొందరగా పోము, ఆ వేపచెట్టు కింద కూర్చోని ఉంటాము. ఎవరికి ఏ భారం ఉన్నా సిగ్గుపడకుండా రండి, మీరు చెప్పండి, మేము వింటాము, కలిసి ప్రభువు దగ్గరికి పోదాము. ఆమేన్.