మాటలు అందించే సన్యాసిరావు

ఒరిస్సాలో రాయగడ కాగితం మిల్లులో సన్యాసిరావు బాయిలరు ఆపరేటరు. అయినా కాలనీ తెలుగువాళ్లకు అతను నాటకాల వల్లే తెలుసు. వేషం ఏనాడూ కట్టలేదు. పక్క తెర వెనకాల పీట వేసుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, మాట మరిచిపోయినవాళ్లకు గొంతు తగ్గించి అందించడం అతని పని.

అందులో అతను చేసే దొంగపని ఒకటుంది. అది భార్య పద్మకుమారికి తప్ప ఎవరికీ తెలియదు. పుస్తకంలో మాట పేలవంగా ఉంటే అతను దాన్ని అందించడు. అప్పటికప్పుడు తన మాట అందిస్తాడు.

డెబ్బై ఏడు ఉగాదికి కన్నారావు రాసిన నాటకం ఆడారు. కన్నారావు మిల్లు ఆఫీసులో హెడ్ క్లర్కు, తెలుగు సంఘానికి ఉన్న ఒకే ఒక్క రచయిత. మూడో రంగంలో కొడుకు ఉద్యోగం పోయిందని విన్న తల్లి పేజీన్నర ఉపన్యాసం చెప్పాలి. తల్లి వేషం కట్టిన స్టోర్సు గుమస్తా రెండో వాక్యం దగ్గరే నీళ్లు నమిలాడు. తెర పక్కనుంచి సన్యాసిరావు, "కాళ్లు కడుక్కుని రా నాయనా, అన్నం చల్లారిపోతోంది" అని అందించాడు. గుమస్తా ఆ మాటే అన్నాడు. ముందు వరసలో ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. శాలువా మాత్రం కన్నారావుకు కప్పారు.

ఇంటికొచ్చే దారిలో పద్మకుమారి ఉడికిపోయింది.

"ఆ మాట మీది. లేచి చెప్పలేకపోయారా?"

"మనదేటుంది పద్మా, నోటికేదో వచ్చింది. మనకేటొచ్చు రాతలూ గీతలూ."

ఆవిడకు ఒళ్లు మండేది ఆ మాటకే. తెలుగువాళ్లు మెచ్చుకుంటే "మనకేటొచ్చు", ఒరియా ఫోర్‌మన్ భుజం తడితే "కిచ్చి నుహే", ఇంజనీరు బాగుందంటే "నథింగ్ సార్". ఎంత వినయమో అని అందరూ మురిసిపోయేవారు. వినయమైతే పదిమందిలోనే చూపించాలి కదా! ఇతను ఒక్కడూ గడ్డం గీసుకుంటూ అద్దంలో మనిషితో కూడా అదే అనేవాడు. ఏదైనా రాసిన రోజున అన్నం సయించేది కాదు, మజ్జిగ తాగి పడుకునేవాడు.

ఆ మాట అతని సొంతం కూడా కాదు. పార్వతీపురం దగ్గర మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాడు. పన్నెండేళ్లప్పుడు ఏవో పద్యాలు కట్టి నోటుబుక్కులో రాసుకుంటే, మేనమామ అది పట్టుకుని అరుగు మీద పదిమందికీ చదివి వినిపించాడు. "ఈడి మొకానికి రాతలొకటి!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. మేనమామ పోయి పదేళ్లయింది. ఇంకా సిగ్గు లేకుండా మేనల్లుడి నోట్లోంచి మాట్లాడుతూనే ఉన్నాడని పద్మకుమారి కోపం. చచ్చినవాణ్ణి తిట్టకూడదంటారు గాని, ఆవిడ వంటింట్లో గిన్నెలు తోముతూ తిట్టేది.

మూడేళ్లుగా సన్యాసిరావు ఒక నాటకం రాస్తున్నాడు. బాయిలరు హౌసులో రీడింగులు రాసి పారేసిన లాగ్ షీట్ల వెనక వైపున. రాసి, చదివి, ఛీ అని పొయ్యిలో పెట్టబోతే పద్మకుమారి లాక్కుని బియ్యం డబ్బాలో దాచేది.

ఆ ఏడు శ్రావణమాసంలో సంఘం కార్యదర్శి మల్లేశ్వరరావు ఇంటికి వచ్చాడు. "పై ఆదివారం మద్యాన్నం కొత్త నాటకాలు సదివిస్తన్నాం. నీ దగ్గరేదో ఉందంట కదా?"

"ఏదీ లేదండి, పిచ్చిరాతలు."

వాళ్ల ఐదేళ్ల కూతురు బుల్లి గుమ్మంలో కూర్చుని పలక మీద మిల్లు గొట్టాలూ పొగా గీస్తోంది. మల్లేశ్వరరావు వంగి, "ఏదమ్మి, సూపించు" అన్నాడు. బుల్లి పలక మీద ఉమ్మేసి, గౌను అంచుతో బరబరా తుడిచేసింది.

"బాలేదండి. మనకేటొచ్చు" అంది, అచ్చం తండ్రి గొంతుతో.

మల్లేశ్వరరావు పకపకా నవ్వాడు. పద్మకుమారికి నవ్వు రాలేదు. ఈ పిల్లకు కాచిన నీళ్లే పట్టింది. టీకా ఒక్కటీ తప్పించలేదు. చిన్న దగ్గొస్తే నిద్రపోకుండా ఊపిరి లెక్కపెట్టింది. విజయనగరం కాలేజీలో కెమిస్ట్రీ చదివి, తన ఇంట్లోనే ఏం అంటుకుంటోందో చూసుకోలేదు!

విషయాన్ని పరీక్షించకుండా ఒక మాట అనడం ఆవిడకు చేతకాదు. వారం రోజులు క్యాలెండరు మీద పెన్సిలు గీతలు పెట్టింది. సన్యాసిరావు ముప్పై నాలుగుసార్లు. బుల్లి తొమ్మిది.

శనివారం అతను డ్యూటీ నుంచి రాగానే క్యాలెండరు ముందు పెట్టింది.

"ఏటిది, పాలోడి లెక్కా?"

"మీ మాట లెక్క. కింద గీతలు మీ కూతురివి."

అతను కింది గీతల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"మీ బాయిలరు గేజి గ్లాసులో నీళ్లు తక్కువ చూపిస్తే ఏం చేస్తారు?"

"కింది కుళాయి తిప్పి నీళ్లు వదిలేసి, మళ్లా నిండుతుందో లేదో సూస్తాం. గొట్టం పూడిపోతే గ్లాసు అబద్దం సెప్తాది."

"షిఫ్టుకి ఎన్నిసార్లు?"

"ఎక్కీటప్పుడోసారి, దిగీటప్పుడోసారి. నమ్మీసి కూకుంటే పేలిపోమా?"

"మరి పన్నెండేళ్లప్పుడు మీ మేనమామ పూడ్చేసిన గ్లాసుని ఇప్పటిదాకా నమ్ముతున్నారేటండీ? ఒక్కసారైనా వదిలి చూశారా?" "మీరు నమ్మితే నమ్మండి. నా పిల్లకి నేర్పకండి."

అతను తనే వెళ్లి బియ్యం డబ్బాలోంచి కాగితాలు తీసి, పిండి దులిపాడు.

ఆదివారం సంఘం హాల్లో పాతికమంది చేరారు. గొంతు బాగుంటుందని చదివే పని ఎప్పుడూ కన్నారావుదే. సన్యాసిరావు కాగితాలు ఇస్తూ, అలవాటు చొప్పున "ఏదో పిచ్చిరాతలండి" అననే అన్నాడు. ఆడవాళ్ల వైపు కూర్చున్న పద్మకుమారి పళ్లు కొరుక్కుంది.

కథ చిన్నది. బజార్లో కిరాణా దుకాణం వాళ్ల ఇంట్లో అత్త, కొత్త కోడలితో మూడు నెలలుగా మాట్లాడదు. కన్నారావు చదువుతూ చదువుతూ చివరి రంగానికి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఓ కోడలా! నేటితో నా కళ్లు తెరుచుకున్నవి! నా అహంకారం మంచులా..."

"అందులో అలగ లేదండి."

ఎవరన్నారో ముందు అర్థం కాలేదు. సన్యాసిరావు వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఏటి లేదోయ్?" కన్నారావు కళ్లజోడు కిందికి దించాడు.

"అంత మాట లేదండి. అత్త 'కూరలో ఉప్పు సరిపోయింది' అంటాది. అంతే."

"ఉప్పూ కారం ఏటోయ్, ఆఖరి రంగంలో! పిచ్చిరాతలని నువ్వే అన్నావు కదా. పోనీలే అని నాను సవరిస్తన్నాను."

హాలంతా నవ్వింది. సన్యాసిరావు నోరు తెరిచాడు. రాబోయే మాట ఏమిటో పద్మకుమారికి తెలుసు. బుల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మన..." అన్నాడు. ఆగాడు. మిగతా మాట మింగేశాడు.

"అన్నాను. తప్పు. మూడు నెలలు మాటాడని మనిసి ఒక్కసారే అంత మాటాడదండి. ఆ ఒక్క ముక్కకి ఏడాది పట్టింది నాకు. అది నాను రాసేను. ఉన్నది ఉన్నట్టు సదవండి."

ఎప్పుడూ గుసగుసలాడిన గొంతు కావడంతో ఎంత పెంచాలో అతనికి తెలియలేదు. బయట సైకిళ్ల దగ్గర ఉన్నవాళ్లు కూడా తొంగిచూశారు.

"ఏటోయ్, మీదికొస్తన్నావు?"

"రాలేదండి. ఇక్కడే ఉన్నాను. సదవండి."

కన్నారావు మల్లేశ్వరరావు వైపు చూశాడు. మల్లేశ్వరరావు, "సదివీండి" అన్నాడు. కన్నారావు ముక్కు చిట్లించి, ఎవరి మొహమూ చూడకుండా, బలవంతంగా ఊడబెరికినట్టు అన్నాడు:

"కూరలో ఉప్పు సరిపోయింది."

ఆడవాళ్లలో వెనక కూర్చున్న కిరాణా కొట్టు చిలకమ్మ, "ఓలమ్మో, మా అత్త అచ్చం అలగే అన్నాది!" అని గట్టిగా అనేసింది.